పోచంపల్లి విగ్రహాల్లో అడిగినవాళ్లు ఏరి?

భూదాన్ పోచంపల్లికి వచ్చినవాళ్లు ఇక్కత్ చీరలు కొంటారు, వినోబా మందిరం దగ్గర ఫొటోలు దిగుతారు. ఊళ్లో వినోబా భావే విగ్రహం ఉంది. భూమిచ్చిన వెదిరె రామచంద్రారెడ్డి విగ్రహమూ ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేశాక ఈ ఇద్దరి కథ ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది.

1951 ఏప్రిల్ 18న మొదట నోరు తెరిచింది మాత్రం ఈ ఇద్దరూ కాదు, దళితవాడ. 40 కుటుంబాలకు 80 ఎకరాలు కావాలన్నారు, సగం తరి, సగం ఖుష్కి. ఎంత కావాలో, ఏ రకం భూమి కావాలో లెక్కగట్టి చెప్పారు. బిచ్చమడిగేవాళ్లు ఇట్లా అడగరు. తరతరాలుగా ఇతరుల పొలాల్లో చాకిరీ చేసినవాళ్లు అడిగే తీరది. ప్రభుత్వానికి రాసి చూద్దామన్నది వినోబా మొదటి ఆలోచన. ఆ తర్వాతే ఆయన సభలో ఊరివాళ్లను అడిగారు, రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. అది చిన్న మాటేమీ కాదు. కానీ అప్పటికి తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా విరమించలేదు. దున్నేవాళ్లకే భూమి అన్న మాట పల్లెపల్లెనా మోగుతోంది. ఆ వేడి లేకుండా ఈ దానాన్ని అర్థం చేసుకోలేం.

హక్కుగా అడిగిన భూమి, విగ్రహాల దగ్గరికొచ్చేసరికి దానమైంది. అడిగినవాళ్లు 'హరిజనులు' అనే ఒక్క మాటలో కలిసిపోయారు. (చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గరా కుతుబ్‌షాహీల పేరే చెబుతారు, రాళ్లు మోసినవాళ్లది చెప్పరు.)

ఇది పాత సంగతి అనుకోవద్దు. 1965 భూదాన్ చట్టం ప్రకారం ఆ భూములు భూమిలేని పేదల కోసం. అయినా 2025లో మహేశ్వరం మండలం నాగారంలోని భూదాన్ భూముల లావాదేవీలు హైకోర్టు దాకా, ఈడీ సోదాల దాకా వెళ్లాయి. హైదరాబాద్ చుట్టూ ఎకరం ధర కోట్లకు చేరాక, దానమిచ్చిన భూమి మీదే అందరి కన్నూ పడింది.

పోచంపల్లి విగ్రహాల పక్కన ఒక బోర్డు పెట్టమని మున్సిపాలిటీని అడుగుదాం. ఆ 40 కుటుంబాల పేర్లు, వాళ్లకు పంచిన భూమి సర్వే నంబర్లు, ఈరోజు పట్టా ఎవరి పేరు మీద ఉందో, ఈ మూడూ రాయాలి. బోర్డుకు పెద్ద ఖర్చేం కాదు. అడ్డం వస్తే ఆ మూడో వరుసే వస్తుంది.