తెల్లబియ్యపు వ్యామోహము

ఆరోగ్యకరమగు నాహారము ధనికులకే లభ్యమని మనవారు నిట్టూర్చుచుందురు. ఇది సగమే నిజము. బియ్యమునకు మెఱుఁగు పట్టించి, బి-విటమినులుగల తవుడును పశువులకుఁ బెట్టి, పిదప మందుల దుకాణమున నా విటమినులనే మాత్రలుగాఁ గొనుచున్నాము! 1934లో గాంధీమహాత్ముని ప్రేరణచే నేర్పడిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమును బ్రచారము చేసినది, పల్లెకుఁ బని, దేహమునకుఁ బుష్టి రెండును గోరియే.

మావంటి వకీళ్లకు, గుమాస్తాలకు బొజ్జ పెరుగుట లేమివలనఁ గాదు. కూర్చున్నచోటు కదలక, విస్తరినిండ నన్నము, దానిపైఁ గొలఁదిపాటి పప్పు భుజించుటవలన. అన్నమున మూఁడవపాలు తగ్గించి, ఆ వెలతోఁ గందిపప్పు, తోటకూర కొనుఁడు; పెరటి మునగాకునకు వెలయే లేదు.

చెమటోడ్చు కూలివాని కీ యుపదేశము తగదు. అతనికి వలసినది నిండుకూలి. కదలక తిను మనమే ముందుగా మన విస్తరులను జక్కదిద్దుకొందము.