ఏ ఊరిదీ కాని నేల

ప్రకృతి దృశ్యాన్ని చిత్రించిన పటం ఎదుట నిలిచినవారు సాధారణంగా మొదట వేసే ప్రశ్న ఒక్కటే: ఇది ఏ ఊరు? నది కనిపిస్తే అది గంగా, గోదావరా అని ఆరా తీస్తారు. కొండ కనిపిస్తే దాని పేరు అడుగుతారు. పేరు తెలియగానే చిత్రం అర్థమైనదన్న తృప్తితో ముందుకు సాగిపోతారు.

అక్బర్ పదమ్‌సీ చిత్రాల ఎదుట ప్రేక్షకునికి ఈ సౌకర్యం లేదు. అక్కడ నేల ఉన్నది, నీరు ఉన్నది, కొండలున్నవి. ఆకాశంలో సూర్యుడో చంద్రుడో, ఒక్కొక్కప్పుడు ఇద్దరూ ఉంటారు. కాని ఊరు లేదు, ఇల్లు లేదు, నడిచే బాట లేదు. చూస్తున్నది ప్రకృతినే అని తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడి ప్రకృతి అన్నది మాత్రం ఎంత వెదికినా దొరకదు.

1928లో బొంబాయిలో జన్మించి, 2020 జనవరిలో 91 సంవత్సరాల వయసులో కన్నుమూసిన పదమ్‌సీ ఆధునిక భారతీయ చిత్రకళకు రూపురేఖలు దిద్దిన తరానికి చెందినవారు. తైలవర్ణాలు, నీటిరంగులు, బొగ్గు, లోహఫలకం మీద చెక్కి తీసే ముద్రణలు, కంచు శిల్పాలు, చలనచిత్రం, ఛాయాచిత్రం, చివరకు కంప్యూటరు: ఇన్ని మాధ్యమాలను చేపట్టిన చిత్రకారులు మన దేశంలో అరుదు. దీనిని నిలకడలేనితనంగా భావించేవారు ఉండవచ్చు. కాని ఆయన ప్రకృతి చిత్రాలను వరుసగా చూసినప్పుడు మరొక సంగతి బోధపడుతుంది. మాధ్యమాలు మారినవే గాని ప్రశ్న మారలేదు. ఒక దృశ్యంలో నుండి పేరును తొలగించి, రంగును తొలగించి, నిశ్చలత్వాన్ని కూడా తొలగిస్తే మిగిలేది ఏమిటి? జీవితమంతా ఆయన వెదికినది దీని సమాధానం కోసమే.

బొంబాయిలోని జె.జె. కళాశాలలో శిక్షణ పొందిన పదమ్‌సీ 1951లో పారిస్ వెళ్ళారు. 1954లో బొంబాయి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో తొలిసారిగా తన చిత్రాలను ప్రత్యేకంగా ప్రదర్శించినప్పుడు, వాటిలో రెండు అశ్లీలమైనవని పోలీసులు అభ్యంతరం చెప్పారు. తొలగించడానికి ఆయన అంగీకరించలేదు. వ్యవహారం న్యాయస్థానం దాకా పోయింది. ఆయన గెలిచారు. తనకు సరి అని తోచినదాన్ని పరుల మాటకు విడిచిపెట్టని ఆ పట్టుదల తరువాత ఆయన కళలోనూ కనిపిస్తుంది.

1959, 1960 సంవత్సరాలలో, చేయి బాగా తిరిగిన దశలో ఉండగా, పదమ్‌సీ రంగులన్నిటినీ పక్కన పెట్టారు. నలుపు, తెలుపు, వాటి కలయికతో పుట్టే బూడిదవన్నె మాత్రమే ఉంచుకున్నారు. ఆ రోజులలోనే 'గ్రీక్ ల్యాండ్‌స్కేప్' రూపొందింది. వెడల్పు దాదాపు 12 అడుగులు, ఎత్తు 4 అడుగులకు కొంచెం పైన. వాడినది చిత్రకారుల తైలవర్ణం కాదు, ప్లాస్టిక్ ఎమల్షన్. గోడలకు పూసే రంగుల జాతికి చెందిన ఆ పదార్థం అంత విశాలమైన కాన్వాసుకు చక్కగా ఒదిగింది.

రంగు పోయిన తరువాత దృశ్యానికి ఆధారం ఏమిటి? పచ్చదనం చూపి చెట్టు అనిపించడానికి వీలు లేదు. నీలం చూపి ఆకాశం అనిపించడానికి వీలు లేదు. వెలుగు ఎక్కడ ఆగుతున్నది, చీకటి ఎక్కడ మొదలవుతున్నది, ఒక ఆకృతి మరొకదానిని ఎలా ఆనుకొని నిలబడుతున్నది అన్నదే అన్నిటినీ మోయాలి. వంట తెలిసినవారు ఉప్పూ కారం లేకుండా రుచి తేవడం ఎంత కష్టమో చెప్పగలరు. ఈ బూడిదవన్నె చిత్రాలను 1960లో బొంబాయిలోని గ్యాలరీ 59లో ప్రదర్శించారు. 'గ్రీక్ ల్యాండ్‌స్కేప్'ను తోటి చిత్రకారుడు కృష్ణ ఖన్నా కొనుక్కున్నారు.

1969లో పదమ్‌సీకి జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ లభించింది. మరొకరైతే ఆ ధనంతో తీరికగా బొమ్మలు వేసుకొని ఉండేవారు. ఆయన బొంబాయి నేపియన్ సీ రోడ్డులో 'విజన్ ఎక్స్‌చేంజ్ వర్క్‌షాప్' అనే ఉమ్మడి కార్యశాల నెలకొల్పారు. చిత్రకారులూ చలనచిత్ర దర్శకులూ ఒకే చోట కూర్చొని ఒకరి పనిముట్లను ఒకరు పట్టి చూడాలన్నది దాని ఉద్దేశం. దర్శకులు మణి కౌల్, కుమార్ సహానీ వంటివారు అక్కడికి వచ్చేవారు. అప్పటికి ఇరవై మూడేళ్ళ చిత్రకారిణి నళినీ మలానీ అక్కడే తొలిసారి కెమెరాతో ప్రయోగాలు చేశారు. తరువాతి కాలంలో వీడియో కళలో ఆమెకు వచ్చిన అంతర్జాతీయ ఖ్యాతికి బీజం పడినది ఆ గదులలోనే.

పదమ్‌సీ స్వయంగా రెండు చిన్న చలనచిత్రాలు నిర్మించారు. మొదటిది 'సిజిజీ'. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరుసలోకి రావడాన్ని ఖగోళ శాస్త్రంలో ఈ పేరుతో పిలుస్తారు. సుమారు వేయి రేఖాచిత్రాలను యానిమేషన్ నిపుణుడు రామ్‌మోహన్ సహాయంతో కదిలించారు. కథ లేదు, మాట లేదు, సంగీతం లేదు. సంఖ్యల క్రమాన్ని అనుసరించి బిందువులు రేఖలవుతాయి, రేఖలు ఆకృతులవుతాయి. రెండవది 'ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ చాంబర్'. తన తైలవర్ణ ప్రకృతి చిత్రం ఒకదానిని తీసుకొని, కుంచెకు బదులు కాంతిపుంజంతో తెర మీద తిరిగి చిత్రించే ప్రయత్నం అది. కాన్వాసు మీద ఒక్కసారిగా కనిపించే దృశ్యం అక్కడ క్షణక్షణం పుట్టుకొస్తుంది.

ఈ ప్రయోగాల కాలంలోనే ఆయన 'మెటాస్కేప్' అని పేరు పెట్టిన చిత్రపరంపర ఆరంభమైనది. కంటికి కనిపించే దృశ్యానికి ఆవల ఉన్న దృశ్యం అని ఆ మాటకు అర్థం చెప్పుకోవచ్చు. ఒకప్పుడు వదలిన రంగులు ఇక్కడ రెట్టింపు బలంతో తిరిగి వచ్చినవి. ఎరుపు, కావి, నీలం పలకలు పలకలుగా ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. పైన సూర్యుడూ చంద్రుడూ ఉంటారు.

సంస్కృతాన్ని శ్రద్ధగా చదివిన పదమ్‌సీ ఈ చిత్రాలకు ప్రేరణ కాళిదాసు శాకుంతలంలోని నాందీశ్లోకం అని చెప్పేవారు. ఈశ్వరుని ఎనిమిది ప్రత్యక్ష మూర్తులను కవి అక్కడ స్తుతిస్తాడు. చదువుకున్న తెలుగువారికి ఆ శ్లోకం సుపరిచితమే. నీరు, అగ్ని, యజ్ఞం చేసే హోత, సూర్యుడు, చంద్రుడు, ఆకాశం, భూమి, వాయువు ఆ ఎనిమిది. చిత్రమేమంటే, హోతను తప్ప తక్కినవాటిలో దేనినీ కవి పేరు పెట్టి పిలువడు. చేసే పనిని బట్టి, గుణాన్ని బట్టి మనమే గుర్తించాలి. సూర్యచంద్రులైతే కాలాన్ని నిర్ణయించే ఇద్దరు, అంతే. చిత్రకారుడు నేర్చుకున్న పాఠం ఇదే. నేలకు పేరు అక్కరలేదు, అది నేలగా ప్రవర్తిస్తే చాలు. సూర్యచంద్రులిద్దరూ ఒకే ఆకాశంలో ఉన్నప్పుడు అది పగలా, రాత్రా అని అడగడం వృథా. అక్కడ చిత్రితమైనది ఒక పూట కాదు, కాలమే.

1990 దశకంలో ఈ అన్వేషణ రెండు కాన్వాసులను పక్కపక్కన నిలిపే 'మిర్రర్ ఇమేజ్' చిత్రాలకు దారి తీసింది. ఒకటి రెండవదానికి ప్రతిబింబంలా ఉంటుంది, కాని అచ్చంగా అదే కాదు. ఆ చిన్న తేడాయే కంటిని అటూ ఇటూ తిప్పుతూ నిలిపి ఉంచుతుంది. వృద్ధాప్యంలో ఆయన కంప్యూటరు ముందు కూర్చొని కూడా చిత్రాలు రూపొందించారు. 2010లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది.

ఇక ఈ కథలో బాధ కలిగించే ఘట్టం ఒకటున్నది. 'ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ చాంబర్'కు ఉన్నది ఒకే ఒక్క ప్రతి. ఢిల్లీలో ఒక ప్రదర్శన కోసం పంపిన ఆ ప్రతి 1970 దశకంలో పోయింది. మళ్ళీ దొరకలేదు. ఆ తరువాత పదమ్‌సీ తనంతట తాను మరొక చలనచిత్రం తీయలేదు. దశాబ్దాలు గడిచాక దర్శకుడు ఆశిమ్ అహ్లూవాలియా ఆయనను కలిసి, పోయిన చిత్రాన్ని జ్ఞాపకాల ఆధారంగా తిరిగి నిర్మించే ప్రయత్నాన్ని, దాని వెనుక కథను కలిపి అదే పేరుతో 2016లో ఒక చలనచిత్రంగా తీశారు. ఎనభై ఏళ్ళు దాటిన చిత్రకారుడు తాను నడివయసులో చూసిన కాంతిని గుర్తుకు తెచ్చుకోవడానికి కూర్చున్నారు.

అదే 2016లో 'గ్రీక్ ల్యాండ్‌స్కేప్' వేలంలో 19 కోట్ల రూపాయలకు పైగా పలికింది. కాన్వాసును పదిలపరచడం మనకు తెలుసు. దాని వెల కూడా తెలుసు. ఒక చిత్రకారుడు తీసిన కొద్ది నిమిషాల ఫిల్ము చుట్టను అంత పదిలంగా దాచాలని ఆనాడు ఎవరికీ తోచలేదు. నేడు కళాకారులు చేపడుతున్న వీడియోలూ కంప్యూటరు చిత్రాలూ ఆ ఫిల్ము కంటే గట్టివేమీ కావు. యంత్రం పాతబడితే చాలు, అవీ కనుమరుగవుతాయి. ప్రయోగం చేయడం కళాకారుని బాధ్యత. నిలబెట్టుకోవడం సమాజం బాధ్యత.

భౌతిక శాస్త్రంలో 'క్లౌడ్ చాంబర్' అంటే ఆవిరి నిండిన ఒక చిన్న పేటిక. కంటికి కనిపించని కణం దానిలో నుండి దూసుకుపోయినప్పుడు, అది పోయిన దారి వెంట సన్నని తెల్లని గీత ఏర్పడుతుంది. కణం కనిపించదు, గీతే కనిపిస్తుంది. ఆ పేరు పెట్టినప్పుడు తన చిత్రానికీ అదే గతి పడుతుందని పదమ్‌సీ ఊహించి ఉండరు.