చివరికి ఏం తేలిందో చెప్పండి

మజ్దా పేరు వినగానే మన దగ్గర నడివయసు వాళ్లకు గుర్తొచ్చేది స్వరాజ్ మజ్దా వ్యాను. బడిపిల్లల్ని, పెళ్లివాళ్లని, కూరగాయల మూటల్ని మోసిన బండి అది. అదే మజ్దా కంపెనీ 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో ఇద్దరే కూర్చునే, పైకప్పు మడిచేసుకునే ఒక చిన్న స్పోర్ట్స్ కారును జనం ముందు పెట్టింది. అమెరికాలో దాని పేరు మియాటా, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్, మిగతా దేశాల్లో ఎంఎక్స్-5. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారని 2000లో గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు. 2016లో పదిలక్షలవ కారు తయారైంది. మన దేశంలో కంపెనీ దాన్ని అమ్మలేదు కానీ, అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రాళ్లలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు పాతవి కొని నడుపుతున్నారు. ధర అందుబాటులో ఉంటుంది, ఇంట్లోనే విప్పి బిగించుకోవచ్చు.

మొదటి తరం మియాటాల్లో చాలావాటికి ఇప్పుడు ముప్పై ఏళ్లు పైబడ్డాయి. వాటి లోపలి సంగతులు తెలిసిన మెకానిక్కులు రిటైరైపోతున్నారు. అయినా అవి రోడ్డు మీద కనిపిస్తున్నాయంటే ఆ ఘనత ఎక్కువగా యజమానులదే. ఒకరికొచ్చిన తంటా ఇంకొకరికి చెప్పుకుని, ఎక్కడో ఊరూ పేరూ తెలియని మనిషి బండి బాగుపడేదాకా వదలకుండా వెంటపడి, ఆ కార్లను వాళ్లే బతికించుకుంటూ వచ్చారు. దీన్ని నేను కాలక్షేపం కబుర్ల కింద జమకట్టను. కంపెనీ దగ్గర కూడా లేని విజ్ఞానం అందులో పోగుపడింది. అయితే అదంతా నిలబడింది ఒక్క అలవాటు మీద. బండి బాగయ్యాక తిరిగి వచ్చి, చివరికి ఏం తేలిందో చెప్పడం.

డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడి దగ్గర 1992 నాటి మియాటా ఉంది. నిలిపిన చోటల్లా నూనె మరక పడుతోంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట, అడుగున చుక్క వేలాడుతోంది. షెడ్డులో చూసినవాళ్లు క్రాంక్ వెనకున్న ఆయిల్ సీల్ పోయిందన్నారు, గేర్‌బాక్స్ దించాలన్నారు. సీలు ఖరీదు ఎంతో కాదు, దాని దాకా వెళ్లడానికయ్యే కూలీయే వందల డాలర్లు. వీడు తోటి యజమానుల్ని అడిగాడు. వాళ్లలో ఒక పెద్దాయన సలహా ఇచ్చే ముందు ఎదురు ప్రశ్న వేశాడు: కింద చూశావు సరే, పైన చూశావా? ఇంజను హెడ్ వెనక వైపు, క్యామ్ యాంగిల్ సెన్సర్ అడుగున వేలితో తడిమి చూడు, తడి తగులుతోందా?

ఆ ఇంజనులో సెన్సరు హెడ్ వెనక, క్యాబిన్ గోడకు ఆనుకున్నట్టుగా ఇరుకులో ఉంటుంది. నూనె బయటికి రాకుండా దానికి ఒక రబ్బరు రింగు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, ప్లాస్టిక్ ముక్కలా అయిపోతుంది. అక్కడ కారిన నూనె ఇంజను వెనక గోడ వెంట జారి సరిగ్గా గేర్‌బాక్స్ అతుకు దగ్గరే చుక్క కడుతుంది. కింద పడుకుని చూసేవాడికి అచ్చం సీలు పోయినట్టే కనిపిస్తుంది. అందుకే పెద్దాయన చెప్పిన పని, ముందు అంతా శుభ్రంగా కడిగి ఆరబెట్టు, ఒక రోజు నడుపు, టార్చిలైటూ చిన్న అద్దమూ పట్టుకుని పైనుంచి కిందికి చూసుకుంటూ రా, తడి ఎక్కడ మొదలైందో అదే నీ జబ్బు అని. తడి సెన్సరు దగ్గరే మొదలైంది. విప్పే ముందు అది ఏ కోణంలో ఉందో తెల్ల రంగుతో గీత పెట్టుకోమని కూడా ఆయనే చెప్పాడు. అది కాస్త పక్కకు తిరిగినా ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది. తిరిగి బిగించాక డయాగ్నోసిస్ పెట్టెలో రెండు పిన్నుల మధ్య చిన్న తీగ పెట్టి, టైమింగ్ లైటు వేసి, పది డిగ్రీల గుర్తు దగ్గర సరిచూసుకోవాలి.

"మామయ్యా, రింగు ధర కొద్ది డాలర్లే. చెయ్యి దూరే సందు లేక ప్రాణం పోయింది గానీ, ఇప్పుడు చుక్క పడట్లేదు" అని ఫోన్ చేశాడు. ఆ పెద్దాయనకు చెప్పావా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. ముందు ఆ పని చేసి తర్వాత నాతో మాట్లాడమన్నాను. గట్టిగానే అన్నాను. ఎందుకంటే ఆ ముక్క చెప్పకపోతే, రేపు ఇంకొకడు అదే చుక్క చూసి వెతికినప్పుడు దొరికేది సగం కథే. ఒక ప్రశ్న, నాలుగు ఊహలు, ఆపైన మౌనం. వాడు గేర్‌బాక్స్ దించుతాడు.

ఈ అలవాటు ఎంత లోతుకు వెళ్లగలదో చూడాలంటే మొదటి తరం మియాటాల్లోనే కనిపించిన ఇంకో జబ్బు చూడాలి. 1989 నుంచి 1991 మధ్య దాకా వచ్చిన 1.6 లీటర్ల ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొస పొట్టిది. టైమింగ్ బెల్టును తిప్పే పళ్ల చక్రం ఆ కొస మీద చిన్న ఉక్కు కీతోనూ, నడుమ ఒక పెద్ద బోల్టు బిగింపుతోనూ నిలుస్తుంది. అరవై వేల మైళ్లకు బెల్టు మార్చేటప్పుడు ఆ బోల్టు విప్పక తప్పదు. తిరిగి బిగించడంలో లోపం జరిగితే చక్రం వెంట్రుకవాసి కదలడం మొదలవుతుంది. కీ అరుగుతుంది, అది కూర్చునే గాడి వెడల్పవుతుంది, వాల్వుల టైమింగ్ జారిపోతుంది. నడిపేవాడికి తెలిసేది బండిలో సత్తువ తగ్గిందనీ, నిలబడి ఉన్నప్పుడు ఇంజను వణుకుతోందనీ మాత్రమే. ప్లగ్గులు మారుస్తాడు, వైర్లు మారుస్తాడు, కాయిల్ మారుస్తాడు. తగ్గదు.

ఎవరి బండి వాళ్లు చూసుకుంటే అది వాళ్ల ఖర్మ అనిపించేది. పదిమంది అనుభవాలు పక్కపక్కన పెట్టేసరికి వరస బయటపడింది. బెల్టు మార్చిన కొంతకాలానికే ఈ వణుకు మొదలవుతోంది. కొనబోయే కారు ఈ జాతిదో కాదో తెలుసుకోవడానికి ఇంజను విప్పనక్కర్లేని గుర్తు కూడా యజమానులే ప్రచారంలో పెట్టారు. ముందున్న క్రాంక్ పుల్లీలో గాడులు లెక్కపెట్టాలి. నాలుగుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే కంపెనీ తర్వాత మార్చిన పొడుగు కొస. ఇంజను నడుస్తుండగా ఆ పుల్లీని పక్కనుంచి కన్నార్పకుండా చూస్తే, ఊగుతోందో లేదో తెలిసిపోతుంది. ఇక వైద్యం. పద్ధతి ప్రకారమైతే క్రాంక్ మార్చాలి, అంటే ఇంజను మొత్తం విప్పాలి. పాత బండి విలువకు అది గిట్టుబాటు కాదు. గాడిలో అరిగిన సందును లోహాలను పట్టి ఉంచే లాక్‌టైట్ జిగురుతో పూడ్చి, కొత్త కీ, కొత్త బోల్టు వేసి బిగించే ఉపాయాన్ని యజమానులే పుట్టించారు. అలా చేసిన బండ్లు ఏళ్ల తరబడి తిరిగాయి. కొన్ని మళ్లీ వదులయ్యాయి. వదులైన సంగతి కూడా వాళ్లు దాచలేదు. ఆ ఉపాయం మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

చిన్నవీ చాలా ఉన్నాయి. మడత పైకప్పు మీద పడ్డ వాన నీరు సీట్ల వెనక రెండు గొట్టాల్లోంచి కిందికి పోతుంది. అందులో ఆకులు, మట్టి చేరితే నీళ్లు డోరు కిందుండే గుల్ల గట్టులో నిలిచి, లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఒక గ్లాసు నీళ్లు పోసి, అటు వెనక చక్రం ముందు బయటికొస్తున్నాయో లేదో చూసుకోమంటారు. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి మామూలు బ్యాటరీ పెట్టొద్దు, సీలు చేసింది పెట్టి ఆవిరి గొట్టాలు బయటికి కలపాలి అంటారు. చలి ఉదయాన టకటకమనే చప్పుడు చాలావరకు హైడ్రాలిక్ లిఫ్టర్లది, ముందు మంచి ఆయిల్ మార్చి చూడు, భయపడకు అంటారు.

సలహాలన్నీ ఇంత మేలైనవి అని నేననను. చెడ్డ సలహాకు ఒక గుర్తుంది. అది ఎప్పుడూ ఏదో ఒక పార్టు పేరుతో మొదలవుతుంది. డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజన్ దీపం వెలిగింది, రీడరు పెడితే పీ0171 అని వచ్చింది. వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చు అంటాడొకడు. ఆ కోడ్‌కు అర్థం ఇంజనులోకి వెళ్లే మిశ్రమంలో పెట్రోలు తక్కువగా ఉందని మాత్రమే. గాలి గొట్టం చీలి ఉండొచ్చు, వాక్యూమ్ పైపు ఊడి ఉండొచ్చు, ఫ్యూయల్ పంపు బలహీనపడి ఉండొచ్చు. ఆ సెన్సరు ఉన్న మాటే చెప్పింది, మనం దాన్నే తీసి పారేస్తున్నాం. కోడ్ వెతకాల్సిన దిక్కు చూపిస్తుంది. వెతికే పని మనిషిదే. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగుల విషయంలో అయితే దూరం నుంచి ఊహ మీద సలహా ఇవ్వడమే నేరం అంటాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరే వాళ్లను ఎంత గట్టిగా మందలించినా తప్పులేదు. స్టాండ్లు వేశాకే మాట.

ఇంకో చిక్కుంది. బండి చెడినవాడే మాట్లాడతాడు. బాగున్నవాడు నడుపుకుంటూ ఉంటాడు. అందుకని చదివేవాళ్లకు ప్రతి కారూ రేపో మాపో పేలేలా కనిపిస్తుంది. పోర్షే విషయంలో ఇదే జరిగింది. 1997 మోడల్‌తో మొదలైన బాక్‌స్టర్, ఆ తర్వాత వచ్చిన 996 తరం 911 కార్ల ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు ఉంటుంది. దాని ఒక చివర సీలు చేసిన బేరింగు మీద తిరుగుతుంది. బేరింగు విరిగిపోతే వాల్వుల లెక్క తప్పి, పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజను మొత్తం పోతుంది. ఈ భయం ఎంత పాకిందంటే ఆ కార్ల ధరలే పడిపోయాయి. అన్ని కార్లకూ ప్రమాదం సమానం కాదు. మొదట్లో వాడింది రెండు వరసల బేరింగు, 2000 ప్రాంతం నుంచి వాడింది ఒంటి వరసది, బాధలు ఎక్కువగా వినిపించింది ఈ ఒంటి వరస దాని మీదే. ఈ తేడాను ఓపికగా విడదీసి చెప్పింది కూడా యజమానులూ, విడిగా షెడ్లు నడుపుకునే నిపుణులూ.

వాళ్లు నేర్పిన పని ఒకటి నాకు చాలా నచ్చుతుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పరిచి చూడడం. మెరిసే రవ్వలు కనబడితే అయస్కాంతం పెట్టాలి. అంటుకుంటే ఉక్కు, బేరింగు అరుగుతున్నట్టు అనుమానించాలి. అంటుకోకపోతే అల్యూమినియం, ఇంకోచోట వెతకాలి. ప్లాస్టిక్ తునకలుంటే గొలుసు ఆనుకునే దిమ్మెలు అరుగుతున్నాయి. పైసా ఖర్చులేని పరీక్ష. కొన్నాళ్లకు అమెరికాలో యజమానులు ఈ బేరింగు విషయమై మూకుమ్మడిగా కోర్టుకెళ్లారు. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి దాకా తయారైన కార్ల విషయంలో 2013లో కంపెనీ ఒప్పందానికి వచ్చింది. ఎవరి బండిలో ఏ తేదీన, ఎన్ని మైళ్ల దగ్గర ఏం విరిగిందో రాసి పెట్టుకున్న మనుషులు లేకపోతే అలాంటి కేసుల్లో కోర్టు ముందు పెట్టడానికేం ఉంటుంది?

విజయవాడ ఆటోనగర్‌లో ఇంతకు తక్కువైన నైపుణ్యమేమీ లేదు. పొడుగు స్క్రూడ్రైవర్ కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని ఏ బేరింగు అరుస్తోందో చెప్పే మిస్త్రీలు అక్కడ ఉన్నారు. అయితే ఆ విద్య చేతిలోంచి చేతిలోకి పోతుంది, కాగితం మీదికి రాదు. తన కిటుకు పక్క షెడ్డువాడికి చెబితే తన కూడు పోతుందేమోనని మిస్త్రీ భయపడితే నేను తప్పుపట్టను. కారు యజమానికి ఆ భయం లేదు. చెప్పడం వల్ల అతనికి పోయేది లేదు కాబట్టే చెప్పాల్సిన బాధ్యత అతనికి ఎక్కువ. ఇవాళ హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు మీద ఆదివారం తెల్లవారుజామున బయటికొచ్చే స్పోర్ట్స్ కార్ల ఓనర్లు తమ బండి గుర్రపుశక్తి గురించి చెప్పుకున్నంత ఇష్టంగా, దాని రేడియేటర్ మన ఎండల్లో ఎలా ప్రవర్తించిందో, స్పీడ్‌బ్రేకర్లకు అడుగున ఏం తగిలిందో, ఏ మోటారు ఆయిల్ ఎన్ని కిలోమీటర్లు నిలిచిందో రాసి పెట్టాలి. ఏ సంవత్సరం మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, చప్పుడు చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఈలోపు ఏమేం మార్చారు, దేనికి తగ్గింది, దేనికి తగ్గలేదు. ఈ ముక్కలేవీ లేకుండా బండిలో ఏదో శబ్దం వస్తోంది అని అడిగేవాళ్లకు ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

కంపెనీలు వింటాయా అంటే, వినాలనుకుంటే వింటాయి. మజ్దా 2017లో జపాన్‌లో మొదటి తరం రోడ్‌స్టర్‌లను తిరిగి కొత్తగా చేసిచ్చే కార్యక్రమం ప్రకటించింది. దానికి ముందు యజమానులతోనూ, ఆ కార్లు బాగుచేసే షెడ్లతోనూ మాట్లాడింది. ఆగిపోయిన మడత పైకప్పు గుడ్డ, నార్డీ చెక్క స్టీరింగు, ఆ కొలతకు తగ్గ టైర్లు మళ్లీ తయారు చేయించింది. వినని కంపెనీలకు చట్టం వినిపించాలి. మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల మరమ్మతు సమాచారం బయటి షెడ్లకూ ఇవ్వాలని చట్టం చేసింది. బండి నుంచి గాలిలో కంపెనీకి చేరే సమాచారం సంగతేమిటని 2020లో అక్కడి జనం మళ్లీ ఓటేసి, దాన్నీ తెరవాలన్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. వాహనాలూ అందులో ఉన్నాయి. పోర్టల్‌లో చేరడం కంపెనీ ఇష్టానికి వదిలేస్తే చాలదు. బ్యాటరీ మార్చినా ఆ సంగతి కంప్యూటర్‌కు నమోదు చేయాల్సిన కార్లు వచ్చేశాయి. రబ్బరు రింగు మార్చుకున్నంత సులువుగా ఇంటి ముందు చేసుకునే పని కాదది. వర్క్‌షాప్ మాన్యువల్, వైరింగ్ పటాలు, ప్రతి బోల్టు బిగింపు లెక్కలు, కోడ్‌ల పూర్తి అర్థాలు వారంటీ ముగిసిన రోజునే కొన్నవాడికీ, అతను నమ్మిన మెకానిక్‌కీ సరసమైన ధరకు అందేలా పార్లమెంటు చట్టం చేయాలి.