టిబెట్టులో మన ధాన్యకటకం

పిల్లలూ! మందమర్రిలో బొగ్గు తీసేవారు భూమి లోపలికి, బాయిలోకి దిగుతారని మీరెరుగుదురు. ఈ నెల మనం లోతుకు గాక ఎత్తుకు పోదాం.

టిబెట్టులోని లాసా నగరం సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉన్నది. చుట్టూ చెట్లు లేని కొండలు, పైన ముదురు నీలపు ఆకాశం. అక్కడ గాలి పలచన. సముద్రతీరాన ఒక్క గుక్కలో దొరికే ప్రాణవాయువులో మూడింట రెండు పాళ్లే అక్కడ దొరుకుతుంది. అందుచేత కొత్తగా పోయినవారు నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసపడతారు. మొదటి రెండు రోజులూ విశ్రాంతిగా ఉండాలి.

ఆ తరువాత డ్రెపుంగ్ మఠం చూడబోవచ్చు. ఊరికి పడమట, కొండవాలున గుంపుగా ఉన్న తెల్లని మేడలే ఆ మఠం. దానిని 1416లో స్థాపించారు. డ్రెపుంగ్ అంటే ఏమిటో తెలుసా? "బియ్యపు రాశి". కృష్ణ ఒడ్డున అమరావతి వద్ద ఉన్న మన ధాన్యకటకం పేరునే వారు తమ భాషలో అట్లా చెప్పుకున్నారు! బుద్ధుడు ధాన్యకటకంలో కాలచక్రం బోధించాడని టిబెట్టువారి నమ్మకం.

1959 తరువాత ఆ మఠపు భిక్షువులు కొందరు ఇల్లూ వాకిలీ విడిచి మన దేశానికి వచ్చారు. కర్ణాటకలోని ముండగోడులో అదే పేరుతో మఠం కట్టుకున్నారు. 2006లో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర బోధ చేశారు.

పటం తెరచి అమరావతిని, లాసాను, ముండగోడును గుర్తించండి. ఒక్క పేరు ఎంత దూరం నడిచిందో మీకే తెలుస్తుంది.