కడుపు క్యాన్సర్ వచ్చినా బతుకుతున్నారు

ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాల చీటీలు చదువుతుంటే క్యాన్సర్ అన్న మాట లేని వారం ఈ మధ్య ఉండటం లేదు. అందులోనూ కడుపు క్యాన్సర్ అనగానే కుటుంబమంతా ఆశ వదులుకుంటుంది. ఆ నిరాశకు ఒకప్పుడు కారణం ఉంది. ఇప్పుడు అంత లేదని లెక్కలు చెబుతున్నాయి.

1881లో వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ క్యాన్సర్ పట్టిన కడుపు భాగాన్ని తొలగించి రోగిని బతికించాడు. కానీ ఆమె నాలుగు నెలలకే చనిపోయింది. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, 1970ల మధ్యలో కూడా, అమెరికాలో ఈ జబ్బు బయటపడిన నూరుమందిలో ఐదేళ్లు బతికింది సుమారు 15 మందే. నేడు ఆ సంఖ్య 36 దాకా వచ్చింది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కీమోథెరపీ ఇస్తే ఐదేళ్లు బతికేవారు 23 శాతం నుండి 36 శాతానికి పెరిగారని 2006లో వెలువడిన బ్రిటన్ పరిశోధన తేల్చింది.

దక్షిణ కొరియా కథ ఇంకా ఆశ్చర్యం. 1990ల నడుమ అక్కడ ఐదేళ్లు బతికినవారు 44 శాతం. ఇప్పుడు 77 శాతం దాటారు. అమెరికాలో లేని మందులేవీ అక్కడ లేవు. ఈ జబ్బు అక్కడ ఎక్కువ గనుక, నలభై ఏళ్లు నిండినవారందరికీ రెండేళ్లకోసారి ప్రభుత్వమే కడుపు పరీక్ష ఏర్పాటు చేసింది. గడ్డ కడుపు దాటకముందే దొరికితే నూరుమందిలో 70 మందికి పైగా ఐదేళ్లు దాటుతారు. దూరపు అవయవాలకు పాకితే పదిమంది కూడా దాటరు. ముందే కనిపెడితే లెక్క ముందే మొదలవుతుంది గదా, బతుకు నిజంగా పెరిగిందా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కొరియాలో ఈ జబ్బుతో చనిపోయేవారి రేటు కూడా బాగా తగ్గింది.

ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. అది కడుపును పాడుచేస్తుందని నిరూపించడానికి బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ దాన్ని తానే తాగేశాడు! 2005లో ఆయనకు, రాబిన్ వారెన్‌కు నోబెల్ వచ్చింది. యాంటీబయాటిక్స్‌తో అది పోతుంది. ఉప్పులో ఊరవేసినవీ, పొగతాగడమూ కూడా ముప్పును పెంచుతాయి. మన దేశంలో ఈ జబ్బు అత్యధికంగా ఉన్నది మన సహోదరులు ఎక్కువగా నివసించే మిజోరంలోనే. పొగబెట్టిన మాంసం, పొగాకు వాడకం అక్కడ కారణాలని పరిశోధకులు చూపుతున్నారు.

మన తెలుగు సంఘాల్లో ఇబ్బంది వేరు. నొప్పి అంటే గ్యాస్, మంట అంటే గ్యాస్, నాలుగు ముద్దలకే కడుపు నిండినా గ్యాసే. మందుల షాపులో మాత్ర కొని మింగుతాం. మా ఎరుకలో ఒక పెద్దాయన ఎనిమిది నెలలు అలాగే గడిపారు. మేము ఆయన తలమీద చేతులుంచి ప్రార్థించాం. పరీక్ష చేయించుకోమని మాత్రం చెప్పలేదు. ఎండోస్కోపీ చేసేనాటికి జబ్బు లివర్‌కు పాకింది. పౌలు తిమోతి కడుపు బాధ గురించి రాసినప్పుడు ప్రార్థనతో సరిపెట్టలేదు, ఏం తీసుకోవాలో కూడా చెప్పాడు. ఆ పత్రిక మీద మేము ఎన్నిసార్లు బోధించామో!

బరువు తగ్గడం, మలం నల్లగా రావడం, వాంతులు, మింగలేకపోవడం, కారణం తెలియని రక్తహీనత. వీటిలో ఏదున్నా వెంటనే డాక్టరుకు చూపించి ఎండోస్కోపీ సంగతి అడగాలి. క్యాన్సర్ చికిత్సకు ఆరోగ్యశ్రీ ఉంది. వచ్చే ఆదివారం చీటీలో కడుపునొప్పి అని రాసి ఉంటే, ప్రార్థన ముగిశాక ఆ కుటుంబాన్ని పక్కకు పిలిచి పరీక్ష అయిందా అని అడగమని తోటి పాస్టర్లను కోరుతున్నాం.