నరాల పాఠమంటే వణుకెందుకు?

ఎంబీబీఎస్ చదివే పిల్లల్ని ‘ఏ సబ్జెక్టు కష్టం?’ అని అడిగి చూడండి. గుండె, ఊపిరితిత్తుల గురించి గడగడా చెప్పేవాళ్లు కూడా నరాల దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతారు. ఈ భయం మన పిల్లలకే కాదు. అమెరికా న్యూరాలజిస్టు రాల్ఫ్ జోజెఫోవిచ్ 1994లోనే దీనికి ‘న్యూరోఫోబియా’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత బ్రిటన్, ఐర్లాండ్, శ్రీలంక... ఎక్కడ అడిగినా విద్యార్థులది ఇదే మాట.

మెదడు అంత కొరకరాని కొయ్యా? చిక్కు అక్కడ లేదంటారు జోజెఫోవిచ్. మొదట్లో చదివిన అనాటమీని తర్వాత రోగి మంచం దగ్గర వాడుకోవడం తెలియకపోవడమే ఈ భయానికి మూలమట.

ఉదాహరణకి, ఒకాయన మూతి వంకరపోయింది. పక్షవాతమా? ముఖానికెళ్లే నరం ఒక్కటే దెబ్బతిన్న ‘బెల్స్ పాల్సీ’నా? డాక్టరు ‘కనుబొమలు పైకెత్తండి’ అంటారు. నుదుటికి మెదడు రెండువైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి. అందుకే పక్షవాతంలో సాధారణంగా నుదుటి మీద ముడతలు పడతాయి. నరమే దెబ్బతింటే ఆ పక్క నుదురు కదలదు, కన్నూ సరిగా మూతపడదు. పుస్తకంలో భయపెట్టిన బొమ్మ రోగి ముఖంలో ఇలా కనిపిస్తే, ఆ విద్యార్థి జన్మలో మరచిపోడు.

‘ఇది కాలేజీ గొడవ, మనకెందుకు?’ అనుకోకండి. అర్ధరాత్రి చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తున్న తాతయ్యను ఆసుపత్రికి తీసుకెళితే చాలాచోట్ల ముందు చూసేది న్యూరాలజిస్టు కాదు, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరే. స్కానింగ్ చేసి, రక్తనాళంలో గడ్డ ఉందని తేలి, అవసరమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అక్కడ డాక్టరు తటపటాయిస్తే కరిగిపోయేది ఆ సమయమే.

మన ఎంబీబీఎస్‌లో 2019 నుంచి మొదటి ఏడాదే విద్యార్థులకు రోగుల్ని పరిచయం చేసే పద్ధతి వచ్చింది. మంచిదే. దాంతోపాటు మోకాలి మీద తట్టే ఆ చిన్న సుత్తిని చేతికిచ్చి, పక్కనే నిలబడి ఓపిగ్గా నేర్పే గురువూ కావాలి. మీ ఇంట్లో మెడికో ఉంటే, వార్డులో రోజుకొక్క రోగినైనా అలా తట్టి చూడమనండి. చెయ్యి తిరిగితే భయం దానంతటదే పోతుంది.

ఇక మనకో మాట. ఎవరికైనా మూతి వంకరపోతే కనుబొమల పరీక్ష ఇంట్లో పెట్టకండి. వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. పరీక్ష వాళ్ల పని... పరుగు మన పని!