మాటల కోసం మండలంలోనే వైద్యం కావాలి



రెండేళ్ళు నిండిన బిడ్డ "అమ్మా, పాలు" అని రెండు మాటలైనా కలపకపోతే మన ఇళ్ళల్లో వినిపించేది ఒకటే: "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే." వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. బడిలో వేసే ఈడొచ్చాక గానీ కంగారు మొదలవదు. అప్పటికి ఎంతో విలువైన కాలం పోతుంది.

ముందు వినికిడి పరీక్ష చేయించండి. పళ్ళెం మోతకు తిరిగి చూశాడని సరిపెట్టుకోవద్దు. పెద్ద చప్పుళ్ళు వినబడే బిడ్డకు కూడా 'స' లాంటి సన్నని ధ్వనులు వినబడకపోవచ్చు.

స్పీచ్ థెరపీ అంటే నాలుకకు కసరత్తు అనుకుంటారు చాలామంది. నిజానికి అది ఇలా ఉంటుంది: ఒక చేత అరటిపండు, ఇంకో చేత బిస్కెట్టు పట్టుకుని "ఏది కావాలి? పండా, బిస్కెట్టా?" అని అడిగి, బిడ్డ ముఖంలోకి చూస్తూ తల్లి ఆగాలి. "ప" అన్నా చాలు, "పండు! ఇదిగో పండు!" అంటూ చేతికివ్వాలి. ఆ ఆగడం కష్టం. నోరు తెరవకముందే ఇచ్చేయడం మనకు అలవాటు. అందుకే థెరపిస్టు బిడ్డతోపాటు తల్లికీ నేర్పుతారు. ఇంగ్లీషు మీడియం కోసమని ఇంట్లో తెలుగు మానకండి. రెండు భాషలు వింటే మాటలు ఆగిపోవు.

పెద్ద పిల్లల్నీ మరవొద్దు. నత్తి ఉన్న తొమ్మిదో తరగతి పిల్ల జవాబు తెలిసీ చెయ్యెత్తదు. ఆ పిల్లకూ థెరపీ కావాలి. మాట పూర్తయ్యేదాకా వినే టీచరూ కావాలి.

మాట, భాష వైకల్యాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేసి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. కానీ థెరపీ ఒక్కరోజుతో తేలేది కాదు, నెలల తరబడి సాగేది. కూలికి పోయే తల్లి బస్సు చార్జీ పెట్టుకుని, ఆ రోజు కూలి వదులుకుని ఎన్నిసార్లు జిల్లా కేంద్రానికి వెళ్ళగలదు?

దివ్యాంగ పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రతి భవిత కేంద్రానికీ అర్హత ఉన్న స్పీచ్ థెరపిస్టు వారానికి కనీసం రెండు రోజులు రావాలి. ఆ రోజులేవో గోడ మీద రాయాలి. కోయ, గోండి, సవర మాట్లాడే ఇళ్ళ పిల్లల కోసం ఆ భాష తెలిసిన సహాయకుల్ని పెట్టాలి.

ఈ కోరికలతో మండల విద్యాధికారికి అర్జీలు ఇవ్వండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. మీ బిడ్డ మాట మీద అనుమానముంటే మాత్రం ఆ అర్జీ తేలేదాకా ఆగకుండా, ఈ వారమే ఆశా కార్యకర్తను కలిసి వినికిడి పరీక్షకు తీసుకెళ్ళండి.